కంపెనీ వంపు

మా మామగారు ఉద్యోగం నుంచి దిగిపోయాక మా ఇంట్లో విప్పని వస్తువంటూ మిగల్లేదు. బస్సు డిపోలో హెడ్ మెకానిక్‌గా జీవితమంతా ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఇంజన్లు దొరక్కపోయేసరికి ఇంటి మీద పడ్డారు. తిరుగుతున్న ఫ్యాను ఇంకాస్త బాగా తిరగాలని విప్పారు. మిక్సీ గొంతు బొంగురుపోయిందని విప్పారు. గోడ గడియారాన్ని ఎందుకు విప్పారో ఆయనకే తెలియదు. విప్పినవన్నీ మళ్ళీ బిగించేవారు, అవి పనిచేసేవి కూడా. కాకపోతే మనకి అవసరమైన పూట మాత్రం అవి పళ్ళెంలో ముక్కలుగా ఉండేవి.

"ఈయన చేతికి ఎవరైనా ఒక పాత లారీ ఇచ్చి పుణ్యం కట్టుకోకూడదా," అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరితోనూ అనేవారు. ఆవిడ మాట ఎక్కడ తిరిగి ఎవరి చెవిన పడిందో గాని, వేసవి మొదట్లో ఒక ట్రాక్టరు నిజంగానే లారీని లాక్కుంటూ వచ్చి మా ఇంటి పక్క ఖాళీ జాగాలో వదిలి వెళ్ళింది. అదీ మామూలు లారీ కాదు, వెనకటి యుద్ధంలో తిరిగిన మిలిటరీ ట్రక్కు. టైర్లలో గాలి లేదు. బానెట్ కింద పిట్టలు గూడు కట్టుకున్నాయి. ఆకుపచ్చ రంగు పొలుసులు పొలుసులుగా లేస్తోంది. మామగారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చి, "బాగానే ఉంది," అన్నారు. అత్తగారు నా వంక చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఆ ట్రక్కు కొండ మీది మ్యూజియం వాళ్ళది. దాని వెనకే మ్యూజియం ఆఫీసరు కూడా వచ్చింది. నా ఈడు మనిషే, మాట మాత్రం కొలత పెట్టి కోసినట్టుంటుంది. మా ముందుగదిలో కూర్చుని టీ తాగుతూ సంగతంతా చెప్పింది.

"వానలు మొదలయ్యేలోపు మా దగ్గర పాత మోటారు బళ్ళ హాలు తెరుస్తున్నాం. ఆ రోజు ఈ ట్రక్కు తనంతట తాను కొండెక్కి రావాలి. వచ్చిందంటే నడిచే బండిగానే ఉంచుతాం. అప్పుడు దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి మీరే."

"రాకపోతేనమ్మా?" అని అడిగారు అత్తగారు.

"రాకపోతే క్రేనుతో ఎత్తి పెడతాం. బరువు తగ్గడానికి ఇంజను తీసేస్తాం. ఇంక అది ఉత్త బొమ్మే."

"బొమ్మకి మెకానిక్ ఎందుకులెండి," అంటూ మామగారు నవ్వారు. నవ్వారు గాని, ఆ నవ్వు గొంతు దాటి రాలేదు. ఆ ఉద్యోగం ఆయనకి ఎంత కావాలో నాకు అప్పుడే తెలిసిపోయింది.

లేవబోతూ ఆఫీసరు ఇంకో మాట అంది. "ఇందులో కొత్త తెలివితేటలేమీ వద్దు సార్. కంపెనీ ఎలా చేసిందో అలాగే ఉండాలి."

"ఆ మాట నాకు చెప్పాలా మేడమ్!" మామగారు ఒక్కసారిగా ఎత్తు పెరిగారు. "ప్రతి మరా, ప్రతి మేకూ, ప్రతి వంపూ కంపెనీదే ఉంటుంది. నాది పూచీ."

నా సంగతి కూడా చెప్పాలి. నేను ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాను. పెళ్ళికి ముందునుంచీ అదే నా బతుకుతెరువు. మామగారు నన్ను 'ఫ్రిజ్ డాక్టరు' అని పిలిచేవారు. అందులో మెచ్చుకోలు ఎంతో, వేళాకోళం ఎంతో విడదీయడం కష్టం. కాపరానికి వచ్చి ఏడాది దాటినా మా ఇద్దరి మధ్యా పొడిమాటలే. మా ఆయన అచ్చాఫీసులో పనిచేస్తాడు. తండ్రికీ పెళ్ళానికీ మధ్య మాటా మాటా వచ్చే సూచన కనబడితే చాలు, అతనికి అచ్చాఫీసులో అర్జెంటు పని గుర్తొస్తుంది.

ఇంజను లేచి కూర్చోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పిట్టల గూడుని మాత్రం మామగారు జాగ్రత్తగా ఎత్తి గోడ మీద పెట్టించారు. చిక్కంతా పెట్రోలు పైపు దగ్గర వచ్చింది.

ట్రక్కులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు వెనక ఉంటుంది. పెట్రోలుని లాగే పంపు ముందు ఇంజనుకి ఉంటుంది. ఈ రెంటినీ కలిపే పైపు బండి అడుగున, ఛాసిస్ అనే ఇనప చట్రం వెంట నడుస్తుంది. పాత పైపు తుప్పు పట్టి జల్లెడయింది. అయినా మామగారు దాన్ని ఎక్కడా విరక్కుండా ఊడదీసి, ముందుగదిలో నేల మీద పడుకోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. ఆ గీత తుడవకూడదన్నారు. కొత్త పైపు దాని మీద అచ్చుగుద్దినట్టు పడుకోవాలట. నెల తిరిగేదాకా అత్తగారు ఆ గీతని తప్పించుకుంటూ ఇల్లు ఊడ్చారు. వచ్చినవాళ్ళు అది తొక్కకుండా చెప్పులు విడిచి దాటుకుంటూ నడిచేవాళ్ళు.

ఆ గీతలో ఒకచోట పైపు ఉన్నట్టుండి పైకి లేచి, మళ్ళీ కిందికి దిగుతోంది. సరిగ్గా సైలెన్సరు గొట్టం మీదుగా.

"ఇదేంటి మామయ్యా, చక్కగా పోయేదల్లా ఇక్కడ గూని పెట్టింది?"

"అది కంపెనీ వంపమ్మా. ఏదో ఆలోచించే పెట్టుంటారు. మనకి అర్థం కానంత మాత్రాన తప్పయిపోదు."

"నా దగ్గర రాగి పైపు ఉంది. చేత్తోనే వంచెయ్యొచ్చు. ఇమ్మంటారా?"

ఆయన నా సంచిలోంచి జానెడు రాగి ముక్క తీసుకుని అటూ ఇటూ వంచడం మొదలుపెట్టారు. కాసేపటికి అది టప్పున విరిగింది.

"ఫ్రిజ్ గోడకి ఆనుకుని బుద్ధిగా నిలబడుతుంది. ట్రక్కు అలా కాదు, నడిచినంతసేపూ ఒళ్ళంతా ఊగుతుంది. ఊగి ఊగి రాగి పెళుసెక్కుతుంది. ఆ విరిగిన చోటునుంచి పెట్రోలు సైలెన్సరు మీద కారిందనుకో, మనం కూడా మ్యూజియంలోనే ఉంటాం, ఫోటోల్లో."

నాకు ఒళ్ళు మండింది. కాని ఆయన చెప్పింది నిజం. నా రాగి నేను సంచిలో వేసుకున్నాను.

ఆయన ఉక్కు పైపుని లోపల ఇసక కూరి, కాస్త కాస్త వేడి చూపించి, గూనితో సహా వంచారు. సుద్దగీత మీద పెడితే వెంట్రుక వాసి తేడా లేదు. పని పూర్తయ్యాక ఇసకంతా దులిపి, గాలి ఊది, పెట్రోలుతో కడిగి, ఆ చివర కన్ను పెట్టి ఈ చివరికి చూశారు. ఆయన ముఖంలో వెలుగు చూసి అత్తగారు గదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చారు. నేను చూడలేదనుకున్నారు.

మొదటిసారి ట్రక్కు వీధిలోకి వచ్చినప్పుడు జనం మేడల మీదికెక్కారు. మామగారు స్టీరింగు దగ్గర, పక్కన అత్తగారు, ఆ పక్కన నేను. వెనక మోటారు సైకిల్ మీద మా ఆయన. ట్రక్కు ఊరంతా దర్జాగా తిరిగింది. కొండ రోడ్డు మొదలయ్యే చోట పెట్రోలు బంకు ఉంది. సరిగ్గా దాని ఎదుట రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

బంకులో పైపు పట్టుకున్న మనిషి పరుగెత్తుకొచ్చాడు. "పెట్రోలు అయిపోయిందా బాబాయ్?"

"నిండా ఉంది," అన్నారు మామగారు పళ్ళ బిగువున.

దిగి బానెట్ ఎత్తి, పాత దుప్పటి గుడ్డ తడిపి పంపు మీద వేశారు. కాసేపటికి బండి లేచింది. ఇంటికి తిప్పుకొచ్చాం. మర్నాడు కార్బురేటరు కడిగారు. మళ్ళీ అక్కడే ఆగింది. ట్యాంకు మూత రంధ్రం శుభ్రం చేశారు. అక్కడే ఆగింది. పంపు మొత్తం విప్పి కొత్త తోలు వేశారు. బంకు ఎదుటే, అదే చోట ఆగింది.

"మా ముందే ఆపేందుకు మా ఓనరు మీకేమన్నా ముట్టచెబుతున్నాడా బాబాయ్?" అన్నాడు బంకు మనిషి. ఆ పాటికి మాకు కుర్చీలు వేసి మంచినీళ్ళివ్వడం కూడా అలవాటు చేసుకున్నాడు. అత్తగారు ట్రక్కెక్కేటప్పుడే నీళ్ళ క్యాను, తడిగుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఆవిడ జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి చూసుకున్నట్టే ఆ పంపుని చూసుకున్నారు.

"ఎక్కడో గాలి దూరుతోంది," అని మామగారు ప్రతి బిగింపునీ మళ్ళీ బిగించారు.

నేను ఉగ్గబట్టుకుని ఉగ్గబట్టుకుని చివరికి ఒక మధ్యాహ్నం అనేశాను. "గాలి దూరడం లేదు మామయ్యా. లోపల పెట్రోలే మరుగుతోంది."

"మరగడానికి అదేమన్నా టీ గిన్నెనా?"

"పంపు లాగుతుంటే పైపులో ఒత్తిడి తగ్గుతుంది కదా. ఒత్తిడి తగ్గితే ఏ ద్రవమైనా తక్కువ వేడికే మరుగుతుంది. ఫ్రిజ్‌లో మేం కావాలని చేయించేది అదే. మీ ట్రక్కులో అడక్కుండానే జరుగుతోంది. ఆ గూని సైలెన్సరు మీద కూర్చుంది, కింద సెగ తగులుతోంది. మరిగిన ఆవిరంతా ఆ గూని పైకి చేరి అక్కడే తిష్ఠ వేస్తోంది. పంపుకి పెట్రోలు బదులు ఆవిరి అందుతోంది."

"అంటే నా బండి ఫ్రిజ్జంటావు."

"అలా అన్లేదు."

"అన్నావు."

మా ఆయన మోటారు సైకిలు తాళం తీసుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో మాటలన్నీ అత్తగారి మీదుగా ప్రయాణం చేశాయి. ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చుని, "నీ కోడల్ని ఉప్పు అందించమను," అనేవారు ఆయన. "ఉప్పు మామయ్యగారి మోచేతి పక్కనే ఉందని చెప్పండత్తయ్యా," అనేదాన్ని నేను. అత్తగారు ఒక పూట ఊరుకున్నారు, రెండో పూట ఊరుకున్నారు. మూడో పూట ఉప్పు గిన్నె తీసుకెళ్ళి అలమారలో పెట్టి తాళం వేశారు. ఇద్దరం కిమ్మనకుండా చప్పిడి తిన్నాం.

ఆ సాయంత్రం నేను పైపు గూని దాటాక వచ్చే ముక్కని తీసి, ఆ జాగాలో పెట్రోలుకి కరగని అద్దంలాంటి గొట్టం బిగించాను. ఇంజను స్టార్ట్ చేసి పక్కకి జరిగాను. ఎవర్నీ పిలవలేదు. చప్పుడు విని మామగారే వచ్చారు. మొదట గొట్టంలో పెట్రోలు నిండుగా, నిలకడగా పోయింది. ఇంజను వేడెక్కేకొద్దీ ఒక బుడగ వచ్చింది. ఆ వెనక ఇంకొకటి. తర్వాత చీమల బారులా వచ్చాయి. ఇంజను దగ్గి ఆగిపోయింది.

"మరుగుతోంది," అన్నారు ఆయన.

ఆ ఒక్క మాటతో నా కోపమంతా దిగిపోయింది. "పోనీ పైపుని ఆ పక్కనుంచి వేసేద్దామా మామయ్యా? ఒక్క పూట పని."

ఆయన తల అడ్డంగా ఊపారు. "కంపెనీవాడు ఆ దారిన వేశాడు. నేను మారిస్తే అది వాళ్ళ బండి కాదు, నా బండవుతుంది. ఆ అమ్మాయికి నోరారా మాటిచ్చాను. మాట తప్పి ఉద్యోగం తెచ్చుకోమంటావా?"

"ఉద్యోగం పోతేనో?"

"పోతుంది."

లోపలికి వెళ్ళిపోయారు. వంటింట్లో మా ఆయన నాతో మెల్లగా చెప్పాడు. "డిపోలో చివరి రోజున నాన్న ఇంటికి రాగానే అలవాటుకొద్దీ పెరట్లోకెళ్ళి చేతులకి సబ్బు రాసుకున్నారు. ఆ రోజు ఏ పనీ చెయ్యనివ్వలేదట. మడ్డి లేని చేతులు చూసుకుంటూ అక్కడే నిలబడిపోయారు. నేను చూసి తప్పుకున్నాను. నువ్వేదో ఒకటి చెయ్యవే." ఎప్పుడూ పారిపోయే మనిషి అలా అడిగేసరికి నాకు మామగారి మీద జాలి, ఆయన మొండితనం మీద చిరాకు, రెండూ ఒకేసారి వచ్చాయి. అంతకుమించి, ఆయన అన్నది నాకు నచ్చింది కూడా. అదే అసలు తంటా.

హాలు తెరిచే రోజు దగ్గరపడింది. బండి నడిచినా నడవకపోయినా రంగైతే వెయ్యాలి. ఛాసిస్ మీది పాత రంగు గీకే పని అత్తగారూ నేనూ తీసుకున్నాం. ట్రక్కు కింద చాప పరుచుకుని పడుకుని, ఇనప బ్రష్షులతో గీకుతూ, మామగారి గురించి చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ చాప మీదే మాకిద్దరికీ నిజంగా స్నేహం కుదిరింది.

సైలెన్సరు లేని వైపు, ఛాసిస్ బయటి అంచు వెంట గీకుతుంటే నా బ్రష్షు కింద మందంగా పూసిన రంగు పెచ్చు ఊడింది. లోపల ఒక చిన్న రంధ్రం. దానికి మూరెడు దూరంలో ఇంకొకటి. ఆ వరసలోనే ఇంకొకటి. అంచులు నున్నగా, మిషను మీద తొలిచినట్టున్నాయి. వాటి లోపలి గోడలకి కూడా రంగుంది, అన్నిటికంటే అడుగున ఉండే మొట్టమొదటి రంగు.

నేను చాప మీద దొర్లుకుంటూ ఇవతలి వైపుకి వచ్చాను. మా గూని పైపుని పట్టుకున్న క్లిప్పుల రంధ్రాలు చూశాను. అవి వంకరటింకరగా ఉన్నాయి, చేత్తో తొలిచినవి. లోపల రంగు లేదు, ఉత్త తుప్పు. అంటే రంగు వేశాక ఎప్పుడో పెట్టిన రంధ్రాలవి.

"ఏంటే, అలా బిగుసుకుపోయావు? తేలు గాని కుట్టిందా?" అన్నారు అత్తగారు.

"అత్తయ్యా, ఆ గూని కంపెనీది కాదు. కంపెనీ పైపు అటు పక్కనుంచి పోయేది."

చూపించాను. ఆవిడ ఒక్కో రంధ్రంలో వేలు పెట్టి చూశారు. ఆవిడకి నా మాట నిమిషంలో బోధపడింది, దాని వెనకున్నది కూడా. ప్రతి వంపూ కంపెనీదేనని పూచీపడ్డ మనిషి ఇన్నాళ్ళూ దేన్ని పూజించాడో ఇప్పుడు ఆయనకి చెప్పాలి.

"ఎలా చెప్పనత్తయ్యా?"

"నోటితో చెప్పు. ఆయనేమీ గాజుబొమ్మ కాదు. నలభై ఏళ్ళుగా నేను చెప్తూనే ఉన్నాగా, ఎక్కడా పగల్లేదు."

మామగారిని పిలిచాను. ఆయన వచ్చి పడుకుని, టార్చి వేసి, ఆ రంధ్రాల వరస మొదటినుంచి చివరిదాకా చూశారు. వరస మధ్యలో ఛాసిస్ మీద చెయ్యంత అతుకు ఉంది. ఏదో గట్టిగా తగిలి లోపలికి నొక్కుకుపోతే పైన రేకు వేసి అతికారు. ఆ అతుకు అంచులన్నీ వేలితో తడిమి చూశారు. ట్రక్కు కింద ముగ్గురం పక్కపక్కన పడుకుని ఉన్నాం.

"ఇక్కడ దెబ్బ తగిలింది," అన్నారు చివరికి. "పైపు తెగింది. ఎవడో సిపాయి, దారి మధ్యలో, దొరికిన పైపుని దొరికిన దారిన వేసేశాడు. తొందరలో ఉన్నాడు పాపం." కాస్త ఆగి, "అమ్మాయ్, కొంచెం టీ పెట్టి తెస్తావా," అన్నారు.

ఆయన నాతో నేరుగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో! టీ తీసుకొచ్చేసరికి ఆయన ఫోన్లో ఉన్నారు. ఆఫీసరుతో మాట్లాడుతున్నారు. దాచే ఆలోచన ఆయనకి వచ్చినట్టే లేదు. నాకు వచ్చింది. గుట్టుగా పైపు మార్చేస్తే ఎవరికి తెలుస్తుందని ఒక్క క్షణం అనుకున్నాను కూడా.

సాయంత్రానికల్లా ఆఫీసరు వచ్చింది.

"ప్రతి వంపూ కంపెనీదే అన్నారు సార్."

"అన్నాను. తప్పు మేడమ్. ఎవడో సిపాయి తొందర్లో వేసిన వంపు అది. వాడి తొందరని నేను నెల రోజులు కూర్చుని తీరిగ్గా కాపీ కొట్టాను."

అత్తగారికి నవ్వు ఆగింది కాదు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు.

"అప్పుడు అదే కంపెనీది అన్నారు. ఇప్పుడు ఇదే కంపెనీది అంటున్నారు. నేను దేన్ని నమ్మాలి?"

"నా మాట నమ్మకండి. కింద పడుకుని చూడండి."

ఆవిడ ఇస్త్రీ బట్టలతోనే చాప మీద పడుకుంది. టార్చి అడిగింది, తర్వాత కొలతల టేపు అడిగింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. వచ్చాక వీపంతా తుప్పు, జుట్టులో రంగు పెచ్చులు, ముఖం మాత్రం పండగలా ఉంది.

"ఈ గూని పైపు పారెయ్యకండి సార్. మీరు చేసింది, పాతది, రెండూ నాకు కావాలి," అంది. "కొత్త దారిన వెయ్యండి. మీ ఉద్యోగం సంగతి కొండ మీద మాట్లాడుకుందాం. ట్రక్కు పైకి రావాలన్న షరతు మాత్రం అలాగే ఉంది."

రంధ్రాల వరస మాకు సగం దారే చూపించింది. ఛాసిస్ మీంచి ఇంజను మీదికి పైపు ఎలా దూకిందో చెప్పే గుర్తేదీ మిగల్లేదు. అక్కడ మేమే ఆలోచించుకోవాలి. ఆ రెండు రోజులు నాకు ఇప్పటికీ గుర్తొస్తే హాయిగా ఉంటుంది. మామగారూ నేనూ నేల మీద ఎదురెదురుగా కూర్చుని, సుద్దముక్క ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటూ దెబ్బలాడుకున్నాం.

"ట్యాంకు నుంచి పంపుదాకా పైపు ఎక్కుతూనే పోవాలి మామయ్యా. మధ్యలో ఎక్కి దిగకూడదు. ఆవిరికి ఆగే చోటే ఉండకూడదు."

"సరే. కాని ఛాసిస్ ఒక రకంగా ఊగుతుంది, ఇంజను ఇంకో రకంగా ఊగుతుంది. రెంటికీ ఉక్కు పైపు బిగిస్తే నీ రాగి గతే. ఈ జానెడు మాత్రం మెత్తని హోస్ పైపు ఉండాలి, కొంచెం వదులుగా."

"వదులైతే వేలాడి సైలెన్సరు వైపు పోతుంది."

"పోకుండా ఇక్కడ క్లిప్పు. చాలా?"

"చాలదు. పంపుకీ సైలెన్సరుకీ మధ్య ఒక రేకు అడ్డం పెట్టండి."

"రేకు కంపెనీ పెట్టలేదు!"

"పెట్టలేదని మీకెలా తెలుసు?"

ఆయన టార్చి, ఒక రేకు ముక్క తీసుకుని వెళ్ళారు. ఇంజను పక్కన ఏ పనీ లేకుండా రెండు మరమేకులు ఊరికే నిలబడి ఉన్నాయి. రేకు వాటికి సరిగ్గా పట్టింది. తిరిగొచ్చి, "పెట్టారు," అని మాత్రం అన్నారు. ఆ పూట భోజనాల దగ్గర ఉప్పు ఆయనే నాకు అందించారు.

హాలు తెరిచే రోజున ఎండ మాడ్చేస్తోంది. ట్రక్కు బంకు దగ్గరికి వచ్చేసరికి బంకు మనిషి కుర్చీలు వేసి సిద్ధంగా ఉన్నాడు. ట్రక్కు ఆగకుండా ముందుకి పోయేసరికి, "బాబాయ్! ఆగలేదేంటి బాబాయ్!" అని కుర్చీ పట్టుకునే వెనక పరుగెత్తాడు. అత్తగారు నా మీదుగా కిటికీలోంచి చెయ్యి ఊపారు, రెండో చేత్తో నీళ్ళ క్యాను మూత తిప్పుతూనే ఉన్నారు.

సగం కొండ ఎక్కాం. మలుపు దగ్గర దిగుతున్న బస్సొకటి అడ్డం తిరిగి ఇరుక్కుంది. మేం ఆగాల్సి వచ్చింది. ఎత్తు మీద, ఎండలో, గాలి తగలకుండా, ఇంజను ఊరికే తిరుగుతూ నిలబడటం కంటే పెట్రోలు పైపుకి గడ్డుకాలం ఇంకోటి ఉండదు. బస్సు ముందుకీ వెనక్కీ జరుగుతోంది. ఇంజను శబ్దం కొంచెం సన్నబడినట్టనిపించింది.

"నీళ్ళు పొయ్యనా?" అన్నారు అత్తగారు.

"వద్దు."

"ఆగిపోతుందేమోనండీ."

"ఆగితే ఆగుతుంది. తడిగుడ్డ కట్టుకుని కొండెక్కిందనిపించుకోను." ఆయన స్టీరింగుని ఇంకా బిగించి పట్టుకున్నారు. అత్తగారు అది చూశారు. క్యాను కాళ్ళ దగ్గర పెట్టేసి, తన చెయ్యి ఆయన చెయ్యి మీద వేసి ఉంచారు.

బస్సు జరిగింది. మామగారు గేరు వేశారు. ట్రక్కు ఒక్కసారి ఒళ్ళు విదిల్చుకుని కదిలింది. ఇంక ఎక్కడా దగ్గలేదు. పైన గేటు దగ్గర ఆఫీసరు నిలబడి ఉంది. ట్రక్కు ఆగాక ఆవిడ డ్రైవరు వైపుకి వచ్చి, "సోమవారం నుంచి రండి సార్," అంది. మామగారు సరేనని తల ఊపారు. దిగడానికి మాత్రం ఆయనకి కాసేపు పట్టింది. మా ఆయన మోటారు సైకిల్ మీద కూర్చునే ఏడ్చేశాడు.

ఆయన ఉద్యోగానికి వెళ్ళడం మొదలుపెట్టాక అత్తగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంట్లో ఎక్కడి వస్తువు అక్కడ ఉంటోందని అందరికీ చెప్పుకున్నారు. వారం తిరగలేదు, మాటలు తగ్గాయి. వీధి గుమ్మంలో ఎక్కువసేపు నిలబడుతున్నారు. ఒకరోజు భోజనాలయ్యాక, "ఇల్లు మరీ ఇంత చప్పుడు లేకుండా ఉంటే ఎలానే? చెవులు చిల్లులు పడుతున్నాయి," అని, మంచి బట్టలు కట్టుకుని వచ్చి, "పద, మ్యూజియం చూసొద్దాం," అన్నారు.

గేటు దగ్గర మమ్మల్ని ఊరికే లోపలికి పంపబోయారు. అత్తగారు ఒప్పుకోలేదు, వరసలో నిలబడి టిక్కెట్లు కొన్నారు. హాల్లో ట్రక్కు చుట్టూ జనం ఉన్నారు. మధ్యలో మామగారు, ఖాకీ చొక్కా, చేతిలో చిన్న కర్ర. ట్రక్కు పక్కన చెక్కబల్ల మీద రెండు గూని పైపులు, తుప్పుదీ కొత్తదీ, పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.

"ఈ పాతది ఎవరో సిపాయి వేసిందండీ. దీన్ని చూసి ఈ కొత్తది చేసింది నేను. రెండూ తప్పే," అంటున్నారు. అత్తగారిని చూశారు. గొంతు తొణకలేదు. "అమ్మా, మీరు కొంచెం ముందుకి రండి. అక్కణ్ణుంచి కనబడదు."

అత్తగారు ఎవరో పరాయి మనిషిలా ముందుకి జరిగి, పైపుల్ని శ్రద్ధగా చూశారు. "ఆ సిపాయి తప్పు చేశాడంటారా?"

"లేదండీ. వాడికి ఆ రోజుకి బండి కదలాలి, కదిలింది. తర్వాత ఎవరూ తీరిగ్గా చూడలేదు, అంతే."

"మీరు చూశారుగా."

"నేనూ చూడలేదమ్మా. మా కోడలు చూసింది," అని ఆయన కర్రతో నన్ను చూపించారు. జనమంతా నా వైపు తిరిగారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఏమీ కనబడలేదు.

"మీరిక్కడ ఎన్నింటిదాకా ఉంటారండీ?" అని అడిగారు అత్తగారు.

"ఐదింటిదాకానండీ."

"అయితే నేనూ ఉంటాను," అని ఆవిడ వెళ్ళి ట్రక్కుకి ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నారు. కొత్త జనం వచ్చారు. మామగారు గొంతు సవరించుకుని, ఆ చివర కూర్చున్న మనిషికి కూడా వినబడేట్టు, కథంతా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు.